‘అవును, నేనే’ అని నొక్కిందెవరు

“ఆ గుండ్రం తిరగడం ఆగిపోతే ఇంక నా కొడుకు దొరకడేమో అమ్మా.”

తెనాలిలో సెల్‌ఫోన్ల కొట్టు మెట్లెక్కుతూ నేనన్న మాట ఇది. అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. షట్టరు కూడా సగమే లేచింది. నా ముందు నడుస్తున్న ప్రసన్నలక్ష్మిగారు ఆగి, వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ ఒకప్పుడు ఎస్సైగా చేసి, ఉద్యోగం మధ్యలో వదిలేసి, ఇదే ఊళ్ళో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నారు. మాట తక్కువ మనిషి. “ఫోను ఫోనే, మనిషి మనిషే ధనమ్మక్కా. రెండిటికీ ముడెయ్యకండి,” అని మాత్రం అన్నారు.

ముడెయ్యక ఏం చెయ్యను? వాడి జాడ చెప్పేది ప్రపంచంలో ఆ ఒక్క వస్తువే మిగిలింది.

నా కొడుకు సుమన్ నిజాంపట్నం హార్బరులో గంగాభవాని అనే బోటుకి ఇంజను డ్రైవరు. పోయిన వారం వేటకెళ్ళిన ఆ బోటు ఒక మనిషి తక్కువగా ఒడ్డుకొచ్చింది. జార్జి అనే కుర్రాడు నీళ్ళలో పడిపోయాడు. శవం దొరకలేదు. బోటు సొంతదారూ, దాన్ని నడిపే సరంగూ శంకరరావే. ఒడ్డున కాలు పెడుతూనే ఆయన అందరికీ ఒకటే మాట చెప్పాడు: సుమన్, జార్జి గొడవ పడ్డారు, సుమన్ తోసేశాడు. మిగతావాళ్ళు తలలు దించుకున్నారు గాని కాదని ఎవరూ అనలేదు. పోలీసులొచ్చేలోపే నా కొడుకు హార్బరులోంచి మాయమయ్యాడు. వాడి ఫోను అప్పటికే శంకరరావు లాక్కున్నాడు.

శనివారం పొద్దున రేపల్లెలో నేను చేపల బుట్ట దించుకుంటూ ఉంటే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. వాడే. తను తొయ్యలేదన్నాడు. తెనాలిలో కొత్త ఫోను కొంటున్నానన్నాడు. బోటు వాళ్ళ నంబర్లు ఒక్కటీ నోటికి రావట, అవి కొత్త ఫోన్లోకి దిగితే ఒక్కొక్కణ్ణీ అడుగుతాడట, ఒక్కడైనా నిజం చెప్పకపోడట. అది తెరుచుకోగానే చేస్తానన్నాడు. మళ్ళీ చెయ్యలేదు. ఆదివారం అదే నంబరు నుంచి కొట్టావిడ సునీల ఫోను చేసి, మీవాడు ఫోను ఇక్కడే వదిలేసి వెళ్ళాడు, తిరిగి రాలేదు, దాని తెర మీద గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉంది అని చెప్పింది.

డబ్బిచ్చి కొన్న ఫోనుని వదిలేసి ఎవడు వెళ్తాడు? రైలు కిందో కాలవలోనో అని నా మనసు వెంటనే అటే పోయింది. ఆ రాత్రంతా తెనాలి ఆస్పత్రి, బాపట్ల ఆస్పత్రి, రైల్వే వాళ్ళు, అందరి చేతా లేదు లేదు అనిపించుకుని, సోమవారం తెల్లవారగానే ప్రసన్నలక్ష్మిగారి గుమ్మంలో కూచున్నాను.

కౌంటరు మీద అద్దం కింద కాకుండా, ఓ పక్కగా, చార్జరు తగిలించి ఉంది ఆ ఫోను. ఇంకా ప్లాస్టిక్ పొర కూడా తియ్యలేదు. తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. సునీల స్టూలు వేసింది.

ప్రసన్నలక్ష్మిగారు ఫోను ముట్టుకోలేదు. ముందు సునీలని కూచోబెట్టి మొదట్నుంచీ చెప్పమన్నారు. సునీల చెప్పింది ఇదీ. శనివారం పది దాటాక వచ్చాడట. పాత ఫోన్లో ఉన్నవన్నీ దీంట్లోకి రావాలన్నాడట. ఎకౌంటు పేరు, పాస్‌వర్డు వాడే నోటితో చెప్పాడట.

“ఏ పేరు?”

“గంగాభవాని అండి. నాకూ నవ్వొచ్చింది. నీ పేరు సుమన్ కదా తమ్ముడూ, ఈవిడెవరు అన్నా. మా బోటు అన్నాడు.”

ప్రసన్నలక్ష్మిగారు నా వైపు చూశారు. ఇందులో అంత వింతేముందో నాకు అర్థం కాలేదు. మా వాళ్ళందరిదీ అదే పద్ధతి. మొదట శంకరరావు ఫోను కొన్నప్పుడు రేపల్లె కొట్టులో బోటు పేరుతో ఒక ఎకౌంటు తెరిచారు. ఆ తర్వాత బోటు మీద ఎవడు ఫోను కొన్నా అదే వెయ్యమనేవాళ్ళు. అలా వేస్తే ఐసు ఫ్యాక్టరీ, డీజిలు బంకు, చేపలు కొనేవాళ్ళు, హార్బరు ఆఫీసు, అన్ని నంబర్లూ అడక్కుండానే ప్రతి ఫోన్లోకీ వచ్చిపడతాయి. సముద్రం మీద ఫోన్లన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పడుంటాయి. టవరు తగిలినప్పుడు ఎవడి చేతికి ఏది వస్తే అది తీసి మాట్లాడతాడు. ఒక బోటు మీద బతికేవాళ్ళకి నీదీ నాదీ ఏంటి?

నేను చెబుతుంటే ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. “అంటే ఒకే ఇంటి తాళంచెవి అందరి జేబుల్లోనూ ఉందన్నమాట,” అన్నారు నెమ్మదిగా. “శంకరరావు జేబులో కూడా.”

సునీల మిగతాది చెప్పింది. పాస్‌వర్డు కొట్టాక ఫోను ఒప్పుకోలేదట. మీ మిగతా ఫోన్లకి ఒక ప్రశ్న పంపాం, తెనాలి దగ్గర కొత్త ఫోన్లో తెరుస్తున్నది మీరేనా, అయితే అక్కడ ‘అవును, నేనే’ అని నొక్కండి అని చూపించిందట. సుమన్ అది చదివి, ఇంక అయిపోయింది, శంకరరావు నొక్కుతాడా నాకోసం అన్నాడట. వేరే దారి చూద్దాం అని తను అంటూ ఉండగానే ఫోను దానంతటదే తెరుచుకుందట.

“అప్పుడు వాడి మొహం ఎలా ఉంది?” ప్రసన్నలక్ష్మిగారు అడిగారు.

సునీల ఆలోచించింది. “భయపడ్డట్టు కాదండి. ఏదో ఏడుపు ఆపుకుంటున్నట్టు. ఏ ఫోన్లోంచి నొక్కారో తెలుస్తుందా అక్కా అని అడిగాడు. తెలీదన్నా. కాసేపు అలాగే కూచుని, దీన్ని ఆపొద్దక్కా, వస్తా అని లేచాడు. టీ చెప్పాను, తాగలేదు. రైల్వేస్టేషను వైపు వెళ్ళాడు.”

గంట తిరక్కుండా ఇంకో మనిషి వచ్చాడట. తెల్లచొక్కా, చేతిలో హెల్మెట్. ఇలాంటి కుర్రాడెవరైనా ఫోను కొన్నాడా అని బజారులో కొట్టుకొట్టూ తిరుగుతున్నాడట. సునీలకి అతని వాలకం నచ్చక, రాలేదని చెప్పి పంపేసిందట.

ఆ మాటకి నేను లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ప్రసన్నలక్ష్మిగారు అప్పుడు ఫోను దగ్గరికి వెళ్ళారు. గుండ్రాన్ని కాదు, దాని కింద ఉన్న చిన్న అక్షరాలని చదివారు. రెండుసార్లు ఆపి మళ్ళీ వేశానని, ఎన్ని చేసినా శనివారం నుంచీ ఇంతేనని సునీల చెప్పింది.

“వైఫై కోసం చూస్తోంది అని రాసుంది కదమ్మా.”

“వైఫైలోనే ఉందండి. నిండుగా ఉంది చూడండి.”

“ఎవరి వైఫై?”

రోడ్డు తవ్వినప్పుడు కేబులు తెగిందని, అప్పట్నుంచీ తన సెల్లు హాట్‌స్పాట్ పెట్టి నడిపిస్తున్నానని సునీల చెప్పింది. ప్రసన్నలక్ష్మిగారు ఆ ఉదయం మొదటిసారి నవ్వారు. “దీనికి మర్యాద ఎక్కువ. ఇది ఎవరో తమ సెల్లులోంచి పోస్తున్న నెట్టు అని కనిపెట్టింది. మీ బేలెన్సు అయిపోతుందని మొహమాటపడి, ఇలాంటిది కాదు, అసలుది రానీ అని కూచుంది.”

పైన ఫొటో స్టూడియోలో బ్రాడ్‌బాండు ఉంది. సునీల వెళ్ళి పాస్‌వర్డు అడిగి వచ్చింది. ఆ వైఫై తగిలించగానే గుండ్రం పోయి ఒక గీత వచ్చింది. గీతలో నీలంరంగు కొంచెం కొంచెంగా పాకడం మొదలుపెట్టింది. బోటు వాళ్ళందరి ఫొటోలు, వీడియోలు అందులో పడి ఉన్నాయి కాబట్టి ఆలస్యమవుతుందన్నారు ఆవిడ. నేను గీతనే చూస్తూ కూచున్నాను. అది ఆగినప్పుడల్లా నా ఊపిరి ఆగింది. వాడు పుట్టినప్పుడు ఏడవక, మంత్రసాని వీపు తడుతూ ఉంటే చూసినట్టు చూశాను.

అప్పుడే తెల్లచొక్కా లోపలికి వచ్చింది.

“ఇక్కడున్నారా మేడమ్. తమరుంటే ఇంక నేనెందుకు?” అన్నాడు. అతని పేరు బసవేశ్వరరావు. బాపట్లలో ఎంక్వయిరీలు చేసిపెడుతుంటాడు, ఇప్పుడు శంకరరావు పెట్టుకున్నాడు. ఒకప్పుడు ప్రసన్నలక్ష్మిగారి స్టేషన్లోనే పనిచేశాడని మాటల్లో తెలిసింది.

“కూచోండి బసవేశ్వరరావుగారూ. శనివారం లేదన్న కొట్టుకి సోమవారం మళ్ళీ వచ్చారంటే పాత అలవాటు పోలేదు. మొదటిసారి ఎప్పుడూ సరిగ్గా చూడరు.”

అతను నవ్వలేదు. నా వైపు వేలు చూపించి, వీళ్ళబ్బాయి ఒక మనిషిని చంపి పారిపోయాడని, ఆ ఫోన్లో ఉన్న ఎకౌంటు శంకరరావుగారిదని, ఆయన ఆస్తి ఆయనకి అప్పజెప్పాలని అన్నాడు. ఎలాగూ మొరాయిస్తోంది కదా, మొత్తం చెరిపేసి ఖాళీ ఫోను ఈవిడకిచ్చెయ్యండి, తిప్పిచ్చేసి డబ్బులు తీసుకుంటుంది అని సునీలకి సలహా కూడా ఇచ్చాడు. చెయ్యి కౌంటరు మీదికి చాపాడు.

నేను ఆలోచించలేదు. ఫోను మీద నా రెండు చేతులూ వేసేశాను. చేపల వాసన వచ్చి ఉంటుంది, అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ప్రసన్నలక్ష్మిగారి గొంతు మాత్రం పెరగలేదు. “చెరిపితే మళ్ళీ మొదట్నుంచీ తెరవాలి. మళ్ళీ అన్ని ఫోన్లకీ ప్రశ్న వెళ్తుంది. శనివారం కూడా వెళ్ళింది. అందుకే కదా మీరు తెనాలిలో ఫోన్ల కొట్లు వెతికారు. శంకరరావుకి ఆ ప్రశ్నలో ఊరి పేరు కనబడింది.”

అతను కాదనలేదు. పైగా గొప్పగా చెప్పాడు. శంకరరావుగారు చూసిన నిమిషంలోనే తనకి ఫోను చేశాడట, తను అప్పటికే ఈ ఊరి బస్టాండులో ఉన్నాడట.

“మరి ‘అవును’ అని ఆయనెందుకు నొక్కాడు?”

“ఆయన నొక్కడమేంటి? ‘కాదు’ నొక్కేలోపే ఎవడో ‘అవును’ నొక్కేశాడు. బోటు కుర్రాళ్ళలో ఎవడో అయ్యుంటాడు.”

“వాళ్ళ దగ్గర ఫోన్లున్నాయా?”

“లేవు. కేసు తేలేదాకా ఎవడూ ఎవడితోనూ మాట్లాడకూడదని సరంగుగారు అన్నీ ఆపేసి డబ్బాలో పెట్టి, కేబిన్లో తాళం వేశారు. ఈవిడ కొడుకుది కూడా అందులోనే. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది.”

“డబ్బాలో ఉన్నవి ఆగిపోయి ఉన్నాయి. ఆయన చేతిలోది ఆయన నొక్కలేదు. ఇంక ఏ ఫోను మిగిలింది బసవేశ్వరరావుగారూ?”

అడిగిన మరుక్షణం ఆవిడ మొహం మారింది. అతని మొహం ఇంకా ముందే మారింది. హెల్మెట్ తీసుకుని లేచాడు. మెట్లు దిగుతూనే సెల్లు చెవికి పెట్టుకోవడం గాజు తలుపులోంచి కనబడింది.

“తప్పు చేశాను,” అన్నారు ప్రసన్నలక్ష్మిగారు. “లెక్క నా కోసం వేసుకోవాల్సింది. అతనికి వేసిపెట్టాను.”

నాకు ఇంకా తెలియలేదు. ఏ ఫోను మిగిలిందమ్మా అని అడిగాను. ఆవిడ నా పక్కన స్టూలు లాక్కుని కూచుని, నీళ్ళలో పడ్డప్పుడు జార్జి ఫోను ఎక్కడుంది అని అడిగారు. వాడి మెడలోనే ఉండి ఉంటుందన్నాను. వల లాగేటప్పుడు మావాళ్ళు ఫోనుని ప్లాస్టిక్ సంచిలో ముడేసి తాడుతో మెడలో వేసుకుంటారు. వాడితోపాటే అదీ మునిగిపోయిందని సరంగు చెప్పాడు, అందరం నమ్మాం.

“మునిగిన ఫోను నొక్కదు అక్కా.”

జార్జి తల్లి హార్బరు గోడవారన కూచుని నీళ్ళకేసి చూస్తూ ఉండడం నా కళ్ళల్లో మెదిలింది. నేను దగ్గరికి వెళ్తే ఆమె తల తిప్పుకుంది. చిన్నప్పుడు వాడూ సుమనూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఆమె బిడ్డ బతికుంటే నా బిడ్డ హంతకుడు కాడు. అలా అనుకోగానే ఇంకో భయం పట్టుకుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవం మెడలోంచి ఎవడో ఆ ఫోను తీసుకుని ఉంటే?

ఆవిడ తనతో తను అనుకుంటున్నట్టు చెప్పారు. తీసుకున్నవాడైతే ‘అవును’ అని నొక్కడు, వాడికేం పని. తెనాలి, కొత్త ఫోను అని చూసి, ఇది సుమనే అని పోల్చుకోగలిగినవాడు నొక్కాడు. మాట్లాడడానికి భయపడుతున్నవాడికి, నేనున్నాను అని చెప్పడానికి అంతకంటే ఏముంది? సుమన్ అది అందుకున్నాడు. అందుకే ఫోను కూడా వదిలేసి పరిగెత్తాడు.

“అయితే చేద్దామమ్మా. జార్జికి ఫోను చేద్దాం.”

చేసి చూడడం అయిపోయింది. జార్జి నంబరుకి పోలీసులూ చేశారు, వాడి తల్లీ చేసింది, నేనూ చేశాను. స్విచ్చాఫ్. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని, మిగతా అపాయం కూడా చెప్పారు. నన్ను భయపెట్టడానికి కాదు, తొందర ఎందుకో తెలియడానికి. ఆ ఎకౌంటు ఉన్న ఎవరైనా సరే, అందులో ఉన్న ప్రతి ఫోనూ ఎక్కడుందో మ్యాపులో చూడొచ్చట. మోగించనూ వచ్చట, సైలెంటులో ఉన్నా సరే. ఇప్పటిదాకా జార్జి ఫోను సముద్రంలో ఉందనుకున్నాడు గనక శంకరరావు వెతకలేదు. తను కూడా ఇక్కణ్ణుంచి ఆ పని చెయ్యొచ్చు గాని చెయ్యనన్నారు. దాక్కున్న మనిషి చేతిలో ఫోను దానంతటదే గోల పెడితే పక్కింటివాళ్ళు కూడా వస్తారు. తాళం, అంటే ఆ పాస్‌వర్డు, మారుద్దామన్నా మళ్ళీ అందరికీ కబురు వెళ్తుంది.

“మనిషిలా పిలవాలి. దానికి నంబరు కావాలి,” అన్నారు.

గీత చివరికి వచ్చింది. ఫోను ఒకసారి నల్లబడి, నా ప్రాణాలు తీసి, మళ్ళీ వెలిగింది. తెర మీద మా సుమన్ పెట్టుకున్న అమ్మవారి బొమ్మ కనబడింది. ప్రసన్నలక్ష్మిగారు పేర్ల పట్టీ తెరిచి కిందికి జరిపారు. ఐసు ఫ్యాక్టరీ. కేబిన్ లైటు మెకానిక్. జార్జి. దాని కిందే ఇంకొకటి: జార్జి సముద్రం.

“ఇదేంటి?”

నాకు తెలుసు. ఒడ్డుకి దూరంగా వెళ్ళాక ఒక కంపెనీ సిగ్నలు ఒక్కటే దొరుకుతుంది. అందుకని ప్రతివాడూ అదే ఫోన్లో ఇంకో సిమ్ము పెట్టుకుంటాడు. దాన్ని వేట మీదే వాడతారు, ఒడ్డెక్కగానే ఆపేస్తారు. ఇంట్లోవాళ్ళకి ఆ నంబరు ఇవ్వరు, ఇస్తే వల లాగేటప్పుడు మేము ఫోన్లు చేసి విసిగిస్తామని. మనిషి పోయాడన్నాక సముద్రం నంబరుకి చెయ్యాలని ఎవరికీ తోచలేదు.

ఆవిడ ఆ నంబరు నా పాత ఫోన్లో కొట్టి నా చేతికిచ్చారు. “మీ ఫోను నుంచే వెళ్ళాలి. ఎకౌంటు ఒకటే గనక మీ నంబరు వాడి ఫోన్లోనూ ఉంటుంది. ‘సుమన్ అమ్మ’ అని కనబడుతుంది. నా నంబరైతే ఎత్తడు.”

మోగింది. ఆగిపోయిన ఫోను మోగదని ఆ క్షణంలో నాకు కూడా తెలుసు. చివరిదాకా మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. సునీల గ్లాసుతో నీళ్ళు తెచ్చి పట్టుకుని నిలబడింది. మూడోసారి, సగంలో, ఎత్తినట్టు చప్పుడైంది.

అవతల మాట లేదు. ఊపిరి ఉంది. ఆ ఊపిరి వెనక ఏదో మరమగ్గం ఆగకుండా కొట్టుకుంటోంది. ప్రసన్నలక్ష్మిగారు చెవి దగ్గరికి వంగి విని, చీరాల అని పెదాలతో అన్నారు.

“నేను ధనమ్మని నాయనా,” అన్నాను. ఇంకేం మాట్లాడాలో తెలియక తోచిందల్లా చెప్పాను. మీ అమ్మ గోడవారనే కూచుని ఉంది, అన్నం తినడం లేదు అన్నాను. సుమన్ మీద నింద పడింది, వాడు ఏమైపోయాడో తెలియదు అన్నాను. నువ్వెవరైనా సరే, ఆ మెడలో సంచి ఎవరిదైనా సరే, నా కొడుకు బతికున్నాడో లేదో ఒక్క మాట చెప్పు అన్నాను. చెప్పి ఊరుకున్నాను.

మగ్గం కొట్టుకుంటూనే ఉంది. ఎంతసేపో నాకు తెలియదు. ప్రసన్నలక్ష్మిగారు నా భుజం మీద చెయ్యి వేసి, కట్ చెయ్యొద్దు అన్నట్టు నొక్కి పట్టుకున్నారు. అవతల ఎవరో తలుపు వేసినట్టుంది, మగ్గం చప్పుడు దూరమైంది.

“పిన్నీ.”

జార్జి గొంతే. బొంగురుపోయింది గాని వాడిదే.

“వాడు నన్ను తొయ్యలేదు పిన్నీ. నా దగ్గరే ఉన్నాడు, మా అక్కా వాళ్ళింట్లో. ఇప్పుడే వీధి చివరికి వెళ్ళాడు, వచ్చేస్తాడు.” ఆగాడు. “కానీ ఇందాకట్నుంచీ ఈ ఫోను దానంతటదే మోగుతోంది పిన్నీ. సైలెంటులో పెట్టినా, ఎంత నొక్కినా ఆగట్లేదు. మీరే కదా మోగిస్తోంది?”